గొడుగు సినిమాకి నాలుగు హద్దులు

వీరవేణికి భయపడటం ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. కుక్కరు మూడో కూత ఆలస్యమైతే పేలుతుందని భయం, తొందరగా వస్తే ఇంకా తొందరగా పేలుతుందని భయం. మొగుడు సూరిబాబు ట్రాలీ ఆటో తోలతాడు. అతను ఫోను ఎత్తకపోతే యాక్సిడెంటు అయిందనుకునేది. మొదటి మోతకే ఎత్తితే, యాక్సిడెంటయి ఫోను చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడనుకునేది.

"నేను బాగానే ఉన్నానే" అని అతను రోజుకి నాలుగుసార్లు చెప్పుకోవాలి.

"బాగానే ఉంటే గొంతు అలా ఉందేంటండీ?"

ఇన్ని భయాల్లో ఒక్కటి మాత్రం నిజమైనది. కొత్తేరుపాలెం మూడో వార్డులో వాళ్ళింటి ముందు మురిక్కాలవ ఉంది. నాలుగడుగుల వెడల్పు, మనిషి నడుమంత లోతు. ఇంటికి వెనక రైసుమిల్లు గోడ, ఇరుపక్కలా పొరుగిళ్ళ గోడలు, ఎదర ఈ కాలవ. దానిమీద ఒక చెక్కపలక. దానికి ఎడమవైపు పుచ్చు. పోయినేడు వానల్లో రెండో తరగతికి వెళ్తున్న కూతురు లిఖిత కాలు జారితే, పిల్ల చెయ్యి వీరవేణికి దొరికింది, చెప్పు కాలవకి దొరికింది. ఆ చెప్పు సుళ్ళు తిరుగుతూ వెళ్ళిపోవడం వీరవేణికి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. జూన్‌లో బడి తెరుస్తారు. అప్పటికి వానలూ వస్తాయి. ఆలోపు కాలవ మీద సిమెంటు పలక పడాలి. అంతే ఆమె కోరిక.

కొత్త చెక్క వేద్దామని సూరిబాబు అన్నాడు గానీ, కాలవల మీద కొత్తగా ఏం వేసినా ఆక్రమణ కింద లెక్కని పురపాలక సంఘం వాళ్ళు గోడకి నోటీసు అంటించి పోయారు. పాతది ఉండొచ్చట. పుచ్చినా ఉండొచ్చట.

వీరవేణి ఏడో తరగతి దాకా చదువుకుంది. కూర్చుని చక్కగా అర్జీ రాసుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. సీనియర్ అసిస్టెంటు గవర్రాజు అర్జీని అటు తిప్పి, ఇటు తిప్పి, వెనక్కిచ్చేశాడు.

"సమీక్ష ఏదమ్మా?"

"ఏ సమీక్షండీ?"

"సినిమా సమీక్ష."

"నేను కాలవ గురించి వచ్చానండి బాబూ."

"ఎవరు దేని గురించి వచ్చినా అదేనమ్మా. నిన్న ఒకాయన వాళ్ళ నాన్న మరణ ధ్రువపత్రానికి వచ్చాడు. ఆయన కూడా సమీక్ష తెచ్చాడు. నవ్వుల సినిమా మీద. పాపం." అని గోడకేసి చెయ్యి చూపించాడు.

గోడమీద ఉత్తర్వు ఉంది. "పౌరుల యందు ప్రపంచ సినీ రసజ్ఞత పెంపొందించు నిమిత్తము, ఇకమీదట ఈ కార్యాలయమునందు కదలు ప్రతి అర్జీకీ, ప్రతి ఫైలుకీ, జాబితాలో చూపిన ఎనుబది క్లాసిక్, విదేశీ, కల్ట్ చిత్రములలో ఒకదానిపై విమర్శనాత్మక సమీక్ష విధిగా జతపరచవలెను" అని మొదలై, ఇరవై రెండు నిబంధనల దాకా సాగింది. మూడో నిబంధన తర్వాత చదివినవాళ్ళు ఊళ్ళో ఒకరికి మించి లేరు.

సంగతేమిటంటే, కమిషనర్ విశ్వంభరరావు గారు చెత్త సేకరణ మీద ఐదు రోజుల శిక్షణకి పెద్ద ఊరు వెళ్ళారు. పక్క భవనంలో చలనచిత్రోత్సవం జరుగుతోంది. అక్కడ ఏసీ బావుందని మొదటిరోజు వెళ్ళారు. రెండోరోజూ వెళ్ళారు. మూడోరోజుకి ఆయన పూర్తిగా మారిపోయారు. తిరిగొచ్చాక మొదటి మీటింగులో, "చెత్త అనునది బయట లేదు, మన అభిరుచిలో ఉన్నది" అన్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు వెంటనే రాసుకున్నాడు.

"అయితే ఆ సమీక్ష ఎవరు రాస్తారండీ?" అని అడిగింది వీరవేణి.

"బయట వేపచెట్టు కింద అబ్బులు గారని దస్తావేజు లేఖరి. ఇప్పుడు ఇళ్ళ దస్తావేజులు మానేసి ఇవే రాస్తున్నారు."

అబ్బులు గారిది నలభై ఏళ్ళుగా అమ్మకాలు, తనఖాలు, భాగ పంపకాలు రాసిన చెయ్యి. కళ్ళద్దాలు సర్దుకుని, "ఏ సినిమా వెయ్యమంటావమ్మా? 'గొడుగు బాగుచేసేవాడు' మంచి గిరాకీలో ఉంది" అని, సమాధానం కోసం ఆగకుండా కలం కదిపారు:

"సదరు నలుపు తెలుపు విదేశీ చిత్రము నిడివి రెండు గంటల నలుబది నిమిషములు. దీనికి చెక్కుబందీ వివరము: తూర్పు, కథానాయకుని ఒంటరితనము. దక్షిణము, గడ్డకట్టిన నది. పడమర, దర్శకుని మౌనము. ఉత్తరము, విశ్రాంతి. ఈ నాలుగు హద్దుల నడుమ గల యావత్తు అర్థమును, అందలి నీడలు, నిట్టూర్పులు, మంచు సహితముగా, ఎవరి ప్రోద్బలమూ లేక, నా పూర్ణ సమ్మతితో ఆస్వాదించితిని."

కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. సాక్షులు పక్కన టీ తాగుతున్నారు. ఎవరి గొడుగో కూడా వాళ్ళకి తెలియదు.

"బాబుగారూ, నేను ఆ సినిమా చూడలేదండి. రేపొద్దున్న పట్టుకుంటే జైలుకి పంపుతారేమో."

"నేను నలభై ఏళ్ళు చూడని పొలాలకి హద్దులు రాశానమ్మా. ఒక్కడు జైలుకెళ్ళాడా?"

ఆ మాటతో ఆమెకి ధైర్యం రావాలి. కానీ ఎంతమంది పొలాలు ఏమయ్యాయోనని కొత్త భయం వచ్చింది.

వారానికి అర్జీ తిరిగొచ్చింది. ఎర్రసిరాతో ఇలా ఉంది: "తూర్పు హద్దున చూపిన ఒంటరితనము ఇదివరకే లాడ్జి యజమాని శ్రీ వెంకటరత్నం పేర నమోదై యున్నందున తిరస్కరించడమైనది."

ఇదేంటని వీరవేణి ఆఫీసుకి పరిగెత్తింది. గవర్రాజు నీరసంగా వివరించాడు. మొదట్లో మూడొందల మంది ఒకే సమీక్ష ఇచ్చారు. కమిషనర్ గారికి ఒళ్ళు మండి, ఒకసారి చెప్పిన అర్థం ఇంకొకరు చెప్పకూడదన్నారు. ఏ అర్థం ఎవరు ముందు చెప్పారో తెలియాలి కదా. ఆఫీసులో వాళ్ళకి తెలిసినవల్లా ఇళ్ళ స్థలాల రిజిస్టర్లు. కొత్తది ఒకటి తెరిచి, అట్టమీద 'అర్థాల రిజిస్టరు' అని రాసి, అలాగే నింపుకుంటూ వచ్చారు.

"ఇప్పుడు ఒంటరితనం లాడ్జి వెంకటరత్నం గారిదమ్మా. ఆయన ముందుచూపు గల మనిషి, మొత్తం ఎనభై సినిమాల్లోనూ ఒంటరితనం ఆయనే రాయించేసుకున్నాడు. మృత్యువు గ్యాస్ ఏజెన్సీ వాళ్ళది. కాలప్రవాహం మెస్సాయన పేర ఉంది. 'పచ్చబల్లి' అని కల్ట్ సినిమా ఉంది చూశావా, అందులో ఆ బల్లి అసలు సమాజమేనని ఇద్దరు అన్నదమ్ములు చెరిసగం చేసుకున్నారు. తోక ఎవరి వాటాలోకి వస్తుందో తేలక సర్వేయరు రెండు రోజులై టేపు పట్టుకుని తెర ముందు కూర్చున్నాడు."

"మరి నాలాంటివాళ్ళ గతేంటి బాబూ?"

"ఎవరి అర్థం కావాలో వాళ్ళ దగ్గర అభ్యంతరం లేదని సంతకం తెచ్చుకోవాలి. లేదా ఎవరూ చెప్పనిది నువ్వే చూసి చెప్పాలి."

అప్పటికి బడి తెరవడానికి పదిహేను రోజులుంది. లాడ్జి యజమానిని అడగడానికి భయమేసి, సినిమా చూడ్డానికే సిద్ధపడింది వీరవేణి.

పురపాలక కళ్యాణమండపంలో రోజూ మధ్యాహ్నం ప్రదర్శన. జనం నిండుగా ఉన్నారు, నిండుగా నిద్రపోతున్నారు. కుళాయి కనెక్షన్ల వాళ్ళు ఒక పక్క, ఇంటి ప్లాను వాళ్ళు ఒక పక్క. వీరవేణి లిఖితని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. తెరమీద మంచు పడుతోంది. ముసలాయన గొడుగు కుడుతున్నాడు. అరగంట కుట్టాడు. వెనక ఎక్కడో, బాగా చిన్నగా, ఒక పిల్లాడు గడ్డకట్టిన నది మీదకి అడుగేశాడు.

"ఒరేయ్! ఆగరా! విరుగుద్దిరా!" అని వీరవేణి లేచి నిలబడి కేకేసింది.

మండపమంతా ఉలిక్కిపడి లేచింది. కుళాయి కనెక్షన్ల వాళ్ళలో ఒకాయన "నీళ్ళొచ్చాయా?" అన్నాడు.

"కూర్చోవే అమ్మా, అది సినిమా" అంది లిఖిత.

"సినిమా అయితే మాత్రం? వాళ్ళమ్మ ఏదే? పిల్లాడిని వదిలేసి ఏం చేస్తోంది ఆవిడ?"

మర్నాడు మళ్ళీ వెళ్ళింది, ఆ పైరోజూ వెళ్ళింది. ఒక సినిమాలో పొయ్యిమీద పాలగిన్నెని పదకొండు నిమిషాలు కదలకుండా చూపించారు. అందరూ అందులో శూన్యం చూశారు. వీరవేణి పదకొండు నిమిషాలూ ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుని, "ఎవరన్నా మంట తగ్గించండమ్మా" అని బతిమాలింది. 'పచ్చబల్లి'లో బల్లిని చూసి ఆమె భయపడలేదు. దాన్ని చూడ్డానికి జనం ఎక్కిన మేడకి పిట్టగోడ లేదని భయపడింది.

ఇంటికెళ్ళి లిఖిత పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద ఉన్నదున్నట్టు రాసింది. "గొడుగు సినిమాలో నది దగ్గర కాపలా లేదు. పిల్లాడికి మేజోళ్ళు లేవు. ముసలాయన సూది నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నాడు, మింగితే ఎవరిది పూచీ? పాల సినిమాలో ఆవిడ కొంగు పొయ్యికి జానెడు దూరంలో ఉంది. సినిమా తీసినాయన మంచివాడే అయ్యుంటాడు గానీ, పక్కన ఒక పెద్దమనిషి ఉండి చెప్పాల్సింది."

గవర్రాజు చదివాడు. రిజిస్టరు తీసి వేలు పెట్టి ఒంటరితనం, మృత్యువు, కాలం, సమాజం, శూన్యం అన్నీ వెతికాడు. ఆమె రాసింది ఎక్కడా లేదు. భయపడి తనే లేచి కమిషనర్ గారి గదికి తీసుకెళ్ళాడు.

విశ్వంభరరావు గారు ఆ కాగితాలు చదివి కళ్ళజోడు తీసేశారు.

"అమ్మా, తాము ఏ దృక్పథము నుండి ఈ చిత్రములను దర్శించితిరి?"

"మా ఊళ్ళో అందరూ చూసిన చోటి నుంచే అయ్యా. తప్పయితే మళ్ళీ రాసిస్తాను."

"తప్పా? ప్రపంచ విమర్శకులు నూరేళ్ళుగా తెర మధ్యభాగమును చూచిరి. తాము అంచులను చూచితిరి! గవర్రాజూ, దీనిని అప్రమత్తతా సిద్ధాంతముగా నమోదు చేయుము. ఎనుబది చిత్రములందలి సమస్త భయమూ ఈమె పేర వ్రాయుము. అర్జీ ఆమోదించడమైనది."

"అంటే పలక వేస్తారా అయ్యా?"

"ఆమోదించడమైనది" అన్నారాయన మళ్ళీ, ఇంకా గంభీరంగా.

అర్జీ ఇంజనీరు దగ్గరికి వెళ్ళి ఆగింది. ఎందుకంటే ఉత్తర్వులో 'ప్రతి అర్జీకీ, ప్రతి ఫైలుకీ' అని ఉంది. పలక అంచనా ఫైలుకి ఇంజనీరు కూడా సమీక్ష పెట్టాలి. ఆయన రిజిస్టరంతా వెతికాడు. వెంకటరత్నం అప్పటికి విసిగిపోయి, ఎవరికీ సంతకం పెట్టనని లాడ్జికి తాళం వేసుకున్నాడు. గ్యాస్ ఏజెన్సీ వాళ్ళు మృత్యువుకి వెయిటింగ్ లిస్టు పెట్టారు. చేరువలో ఉన్నది, మంచి మనిషి చేతిలో ఉన్నది ఒక్క భయమే. ఊరందరికీ ఒకేసారి ఆ ఆలోచన వచ్చింది.

తెల్లారేసరికి వీరవేణి గుమ్మం ముందు జనం. అభ్యంతరం లేదని సంతకం కావాలి. నిబంధన ప్రకారం ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకే నేలమీద, గుమాస్తా సమక్షంలో నిలబడి పెట్టాలి. గవర్రాజు రిజిస్టరు నెత్తిన పెట్టుకుని ముందుగా వచ్చాడు. ఒక్కొక్కరే పలక దాటి వచ్చి, సంతకం పుచ్చుకుని వెళ్తున్నారు.

"కుడిపక్కగా రండి! ఎడమవైపు పుచ్చిందండీ! అమ్మమ్మా, కర్ర ఆనించకండి!" అని వీరవేణి గొంతు బొంగురుపోయేలా అరుస్తోంది. పన్నెండో మనిషి మెస్సాయన. ఆయన తన వంట తనే తింటాడని చూస్తేనే తెలుస్తుంది. పలక కిర్రుమంది. ఆయన్ని సూరిబాబు చొక్కా పట్టుకుని ఇటు లాగాడు, పలక రెండు ముక్కలై అటు పోయింది. పోయినేడు చెప్పు వెళ్ళిన దారినే.

అవతల డెబ్భై మంది, ఇవతల సంతకం. సూరిబాబు పొడుగుకాళ్ళవాడు, దూకి పోయొస్తాడు. అతను దూకినప్పుడల్లా వీరవేణి కళ్ళు మూసుకునేది. గవర్రాజునీ మెస్సాయన్నీ మిల్లు గోడకి నిచ్చెన వేసి అవతలికి దించారు, మిల్లువాళ్ళు ఇంకెవరినీ రానివ్వమని తలుపేసుకున్నారు. ఇంజనీరు కాలవ దగ్గర చొక్కా చేతులు మడిచి దూకబోయాడు.

"ఆగండి బాబూ! మీకేమన్నా అయితే మీ అమ్మగారికి నేనేం చెప్పుకోవాలి?"

ఇంజనీరు ఆగిపోయాడు. వాళ్ళమ్మ కూడా అచ్చం అదే గొంతుతో అరుస్తుందట.

పలక పడాలంటే ఇంజనీరు ఫైలు కదలాలి. ఫైలు కదలాలంటే వీరవేణి సంతకం కావాలి. సంతకం కావాలంటే కాలవ దాటాలి. దాటాలంటే పలక ఉండాలి. ఊళ్ళో కుళాయిలు ఆగిపోయాయి, ఇంటి ప్లాన్లు ఆగిపోయాయి. పుట్టిన పిల్లలకి పేర్లున్నాయి గానీ పత్రాలు లేవు. ఇవేవీ కమిషనర్ గారిని కదిలించలేదు. చివరికి ఆయన సొంత ఫైలు ఆగింది. చలనచిత్రోత్సవానికి వెళ్ళడానికి పెట్టుకున్న సెలవు అది. దానికీ సమీక్ష కావాలి, ఆయనకీ భయం తప్ప ఏ అర్థమూ మిగల్లేదు.

బడి తెరవడానికి మూడు రోజులుందనగా, తొలకరి చినుకుల్లో, కమిషనర్ గారు స్వయంగా కాలవ అవతలి గట్టున నిలబడ్డారు. పక్కన గవర్రాజు గొడుగు పట్టాడు.

"అమ్మా! నేను ఇచటి నుండి కాగితమును విసిరెదను!"

"వద్దయ్యా! విసిరితే మీరు తూలతారు! అంచుకి రాకండి! గవర్రాజు గారూ, అయ్యగారి బెల్టు పట్టుకోండి!"

గవర్రాజు పట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో పై అధికారి బెల్టు పట్టుకునే అవకాశం అతనికి రాలేదు. చాలా బాగా పట్టుకున్నాడు.

అప్పుడు జనంలోంచి అబ్బులు గారు దగ్గారు. కాగితం కనబడితే చివరి గీత దాకా చదివే అలవాటు ఆయనది. ఉత్తర్వు మొత్తం చదివిన ఏకైక పౌరుడు.

"చిత్తం, పంతొమ్మిదో నిబంధన చూసుకున్నారా?"

"మనమే వ్రాసితిమి, మనమేల చూచెదము?"

"'చిత్రీకరణ నిమిత్తము వేయు సెట్టింగులకు సమీక్ష, ఫైలు, అంచనా ఏదియూ అవసరము లేదు. చిత్రీకరణ ముగిసిన మరునాడు తొలగించవలెను' అని ఉంది. ఈవిడ మీద సినిమా తీస్తున్నామనండి. అది పలక కాదు, సెట్టింగు."

కమిషనర్ గారు కాలవ కేసి, ఆకాశం కేసి చూశారు. చేతివేళ్ళతో నలుచదరపు చట్రం కట్టి అందులోంచి వీరవేణిని చూశారు. "అద్భుతము" అన్నారు.

మూడు వారాల్లో కదలనిది ఒక్క మధ్యాహ్నంలో పూర్తయింది. ఇనుప చువ్వలు వచ్చాయి, కంకర వచ్చింది, తాపీమేస్త్రీ వచ్చాడు. మేస్త్రీ పేరు ముందు 'కళాదర్శకుడు' అని రాశారు. అతను దానికి సిగ్గుపడి రెండు బస్తాల సిమెంటు ఎక్కువే కలిపాడు. మూడోరోజున కమిషనర్ గారు కొత్త పలక మీద నడిచొచ్చి, వీరవేణి పక్కన ఒకే నేలమీద నిలబడి, సంతకం పుచ్చుకున్నారు. ఆ తర్వాత డెబ్భై మందీ వరస కట్టారు. ఒక్కొక్కరి కాగితం మీదా ఆమె సంతకం పెట్టి, కింద 'జాగ్రత్తగా వెళ్ళండి' అని రాసింది. ఇంజనీరుది ఆ వరసలో ఐదోది. పలక మీద నిలబడి, పలక వేయుటకు అనుమతి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోస్తూ వీరవేణి ఆగిపోయింది.

"ఏవండీ, షూటింగు అయిపోతే మర్నాడే పీకేస్తారంట కదండీ?"

ఈసారి భయం రిజిస్టరులో ఆమె పేరనే ఉంది, దానికి విలువుంది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి అడిగింది. గవర్రాజు ఆలోచించి, "అయిపోతే కదమ్మా" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ ఎనిమిదిన్నరకి గవర్రాజు ఆఫీసు కెమెరా మెడలో వేసుకుని వస్తాడు. "రెడీనా తల్లీ? యాక్షన్!" అంటాడు. లిఖిత బడిసంచీ తగిలించుకుని పలక మీద నడిచి వెళ్తుంది. సాయంత్రం తిరిగొస్తుంది, అదీ తీస్తాడు. 'చిత్రీకరణ కొనసాగుచున్నది' అని రిజిస్టరులో రాసుకుంటాడు. పిల్ల పదో తరగతి దాకా కథ ఉందని కమిషనర్ గారు లిఖితపూర్వకంగా ఇచ్చారు.

దసరాకి, అప్పటిదాకా తీసినదంతా అతికించి కళ్యాణమండపంలో వేశారు. జాబితాలో ఎనభై ఒకటో చిత్రంగా, అసంపూర్ణ క్లాసిక్‌గా చేర్చారు. వాన పడుతోంది, పిల్ల పలక దాటుతోంది. ఎండ కాస్తోంది, పిల్ల పలక దాటుతోంది. జనం హాయిగా నిద్రపోయారు. కమిషనర్ గారు కన్నీళ్ళు తుడుచుకున్నారు. లాడ్జి వెంకటరత్నం లేచి ఇందులో ఒంటరితనం తనదేనన్నాడు. "ఎక్కడుందండీ? పక్కనే వాళ్ళమ్మ ఉంటేను" అని ఎవరో కూర్చోబెట్టారు.

మూడో వరసలో లిఖిత పక్కన వీరవేణి ఒళ్ళో చేతులు పెట్టుకుని చూస్తోంది. సూరిబాబు ఆమె మొహం వంక చూశాడు. భుజాలు వదులుగా దించుకుని ఉంది. పెళ్ళయిన పదేళ్ళలో ఆమె అలా కూర్చోవడం అతను చూడలేదు. కింద నల్లగా నీళ్ళు పోతున్నాయి, పైన తెల్లటి పలక ఉంది, దానిమీద పిల్ల ఎగురుకుంటూ వస్తోంది. వీరవేణి నవ్వింది.

నవ్వుతూనే ముందుకి వంగింది. తెరకి ఎడమపక్క, బాగా కింద, ఏదో వేలాడుతోంది.

"లిఖితా! లేసు! బూటు లేసు ఊడిందే!" అని మండపం అదిరేలా కేకేసింది.

జనం ఉలిక్కిపడి లేచారు. పక్క కుర్చీలో లిఖిత గబగబా వంగి లేసు కట్టుకుంది.